పైకి లేవని ముల్లు

2021 వేసవిలో నేను సూర్యాపేటలో ఒక కార్ల వర్క్‌షాప్‌లో సర్వీస్ అడ్వైజర్‌గా పనిచేస్తున్నాను. బండి తెచ్చినవాళ్లు చెప్పే ఇబ్బందిని మెకానిక్‌లకు అర్థమయ్యేలా చెప్పడం, పని పూర్తయ్యాక ఏం చేశామో వాళ్లకు వివరించడం ఆ ఉద్యోగం. మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను కాబట్టి పరీక్షల దగ్గర కూడా నిలబడేదాన్ని. పాప పుట్టాక మానేశాను. అక్కడ చూసిన బండ్లలో ఒకటి మాత్రం నన్ను ఇంకా వదలలేదు.

అది గరిడేపల్లి సైదులు డీజిల్ కారు. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లుకు నెల కిరాయికి నడిపేవాడు. ఇంటికి ఆ ఒక్క ఆదరువే. ఇంజన్ పొగ కక్కుతుంటే మా దగ్గరే మొత్తం విప్పి మళ్లీ కట్టాం. అరిగిన సిలిండర్ల లోపలి గోడలను సమంగా చెక్కించి, కొత్త పిస్టన్లు వేశాం. సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్‌ను మిర్యాలగూడలో లేత్‌కు పంపి ఫేసింగ్ చేయించాం, అంటే దాని అడుగుభాగాన్ని చదును చేయించాం. హెడ్‌కూ, సిలిండర్లుండే కింది ఇనుప బ్లాకుకూ నడుమ పలుచని రేకు ఒకటి ఉంటుంది. అదే హెడ్ గ్యాస్కెట్. మంట, నీళ్లు, ఆయిల్ ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఆపేది అదే.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒకరోజు కోదాడ వెళ్తే బండి పొంగింది. రేడియేటర్‌లో నీళ్లు బయటికి తన్నడాన్ని మావైపు డ్రైవర్లు అలాగే అంటారు. సైదులు మాకు ఫోన్ చేయకుండా అక్కడే రోడ్డు పక్క మెకానిక్‌కు చూపించాడు. అతను థర్మోస్టాట్ పీకేశాడు. ఇంజన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వని చిన్న కవాటం అది. బండి పొంగితే ముందు దాన్ని తీసిపారేయడం ఈ ఎండల్లో పనిచేసే చాలామందికి అలవాటు.

ఆ తర్వాత మీటర్లో వేడి ముల్లు పైకి లేవలేదు. సైదులు రోజూ పొద్దున తగ్గిన నీళ్లు పోసుకుంటూ, ముల్లు చూసుకుంటూ నడిపాడు. చివరికి మాడుగులపల్లి దగ్గర ఇంజన్ ఆగిపోయింది. వేరే బండికి కట్టి మా దగ్గరికి లాక్కొచ్చారు. సోమవారానికి కారు రాకపోతే ఇంకొకటి పెట్టుకుంటామని మిల్లువాళ్లు అప్పటికే చెప్పేశారు.

"సైదులన్నా, నీది కారా, పాలగిన్నెనా? ఎప్పుడు సూసినా పొంగుడేనా!" అన్నాడు మా హెడ్ మెకానిక్ యాదగిరి.

"నవ్వు, నవ్వు. నా నోట్ల మన్ను పడుతుంటే నీకు నవ్వొస్తది" అన్నాడు సైదులు.

రేడియేటర్ నీళ్లలో బుడగలు చూసే పరీక్ష చల్లటి ఇంజన్‌తోనే మొదలుపెట్టాలి. వేడెక్కాక నీళ్లు పొంగితే కారణాలు చాలా ఉంటాయి. చల్లగా ఉండగానే బుడగలు వస్తే సిలిండర్లోని గ్యాస్ నీళ్లలోకి పోతున్నట్టే. రేడియేటర్ నింపి, మూత తీసి ఉంచి, కష్టం మీద స్టార్ట్ చేశాం. బుడగలు ఆగకుండా వచ్చాయి. కంప్రెషన్ చూస్తే రెండో సిలిండర్లో, మూడో సిలిండర్లో ఒత్తిడి పడిపోయింది. రెండోదాంట్లోకి గాలి ఎక్కిస్తే పక్కదాంట్లోంచి బుస్సుమని వచ్చింది. వాటి నడుమ గ్యాస్కెట్ కాలిందని తేలింది.

"గ్యాస్కెట్టేనా మేడం? బతికిచ్చిన్రు. గదొక్కటి మారిస్తే సోమవారంకి అయితది గదా?" అన్నాడు సైదులు.

విప్పితేగానీ చెప్పలేనన్నాను. అతను అది వినిపించుకోలేదు. మిల్లుకు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పేశాడు.

హెడ్ దించాం. అనుకున్నచోటే గ్యాస్కెట్ కాలి ఉంది. సరిగ్గా దాని కింద, బ్లాకు మీద సన్నని గీత కనిపించింది. యాదగిరి గుడ్డతో తుడిచాడు, పోలేదు. అక్కడ డీజిల్ పూసి, తుడిచి, సుద్దపొడి చల్లాడు. గీత వెంట తడి పైకి ఊరింది. అది పగులు. కొత్త గ్యాస్కెట్‌తో అయ్యే పని కాదు. బ్లాకే పోయింది.

థర్మోస్టాట్ ఎందుకు తీశారని కోదాడ మెకానిక్‌కు ఫోన్ చేసి అడిగాను. "ఈ ఎండలకి అదెందుకండీ? తీశాక చల్లగానే నడిచిందిగా!" అన్నాడు. ముల్లును అతనూ నమ్మాడు. కవాటం లేక నీళ్లు ఆగకుండా తిరగడంతో మొదట్లో ముల్లు కిందే ఉంది. గ్యాస్ తోసి నీళ్లు ఖాళీ అయ్యాక వేడిని కొలిచే సెన్సర్ నీళ్లకు అందలేదు. అప్పుడూ ముల్లు కిందే ఉంది. లోపల ఇనుము కాలిపోతుంటే సైదులు ముందు అంతా మామూలుగానే కనిపించింది.

అసలు మొదటిసారి ఎందుకు లీకైంది? లేత్‌లో చదును సరిగా రాలేదా, మేం బోల్టులు బిగించడంలో తేడా చేశామా? హెడ్ మీద స్టీలు పట్టీ పెట్టి చూస్తే వంకర ఉంది. అది ముందునుంచీ ఉందో, తర్వాతి వేడికి వచ్చిందో చెప్పే దారి లేదు. టార్క్ రెంచ్‌తో కొలిచే బిగించానని యాదగిరి ఒట్టేశాడు. నేను నమ్మాను, కానీ నమ్మకం రుజువు కాదు.

"మరి తప్పెవరిది మేడం?" అని అడిగాడు సైదులు.

తెలియదన్నాను.

"ఇంత సదివిన్రు, ఇన్ని మిషన్లు వెట్టి సూసిన్రు. తెల్వదంటే ఎట్ల? ఇంట్ల నేనేం జెప్పాలె?"

సోమవారం మిల్లు ముందు వేరే కారు నిలబడింది. సైదులు నిడమనూరులో ఎవరిదో ట్రాక్టర్ నడుపుతున్నాడని తర్వాత విన్నాం.

ఇప్పుడు పాప ఒళ్లు వెచ్చగా అనిపిస్తే, థర్మామీటర్ మామూలే అని చూపినా నాకు నమ్మకం కుదరదు. చెయ్యి పెట్టి చూస్తాను, మళ్లీ చూస్తాను. ఇది ఆ బండి వల్లేనో, నా స్వభావమేనో చెప్పలేను.

పని విషయంలో మాత్రం ఆ కారు నేర్పింది స్పష్టంగా చెప్పగలను. పరీక్షలు ఎక్కడ లీకవుతుందో చెబుతాయి. ఎందుకు లీకైందో తెలియాలంటే మొదటిసారి పొంగినప్పుడే బండి ఆపి విప్పాలి. ఆ తర్వాత నడిపిన ప్రతి కిలోమీటరూ ఆ కారణాన్ని కొంత కొంత కాల్చేస్తుంది.