పుంగనూరులో నా చెవుల వెరిఫికేషన్

మదనపల్లెలో నాది చిన్న జిరాక్స్ అంగడి. కార్డును రెండు వైపులా స్కాన్ చేసి ఒకే కాగితం మీద వేస్తే, ముందువైపు బుద్ధిగా వచ్చేది, వెనకవైపు తలకిందులుగా వచ్చేది. తంబళ్లపల్లె నుంచి వచ్చిన రైతు ఒకాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, నా అడ్రసు శీర్షాసనం ఏస్తాండాది" అన్నాడు. తప్పు మిషన్‌ది కాదు, కంప్యూటర్లో ఉన్న స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌ది. తిట్లు మాత్రం నాకు.

అది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి ఊరికే రాస్తారు, లోపలి కోడ్‌ను ఎవరైనా తెరిచి బాగుచేయవచ్చు. నాకు పంతం వచ్చింది. డిగ్రీలో చదివిన కంప్యూటర్ సైన్సుకు దుమ్ము దులిపి, రెండు నెలలు తల బద్దలు కొట్టుకుని తప్పు పట్టుకున్నాను. బాగుచేయడానికి పదకొండు లైన్లు పట్టింది. పంపించాను. చాలా బాగుంది, కానీ సంతకం లేదు అని జవాబు వచ్చింది.

ఇది పెన్నుతో పెట్టే సంతకం కాదు. మన కంప్యూటర్లో రహస్యంగా దాచుకున్న ఒక తాళంతో కోడ్‌కు ముద్ర వేయాలి. దానికి జత తాళాన్ని లోకానికంతా ఇచ్చేస్తాం. ఆ జత తాళంతో ఎవరైనా ముద్రను సరిచూసి, ఈ కోడ్ పంపింది ఫలానా ఆవిడే, దారిలో ఎవరూ వేలు పెట్టలేదు అని తేల్చుకోవచ్చు. తాళం తయారు చేయడం పది నిమిషాల పని. అసలు పేచీ తర్వాత వచ్చింది. ఆ ఫలానా ఆవిడ నేనే అని పాత సభ్యుల్లో ఒకరు నన్ను ఎదురుగా చూసి, కార్డు చూసి, పూచీ పడాలట. అదీ ఆదివారం సాయంత్రం లోపల. కొత్త వెర్షన్ ఏడాదికొక్కసారే, దాటిందంటే మళ్లీ ఏడాది ఆగాలి.

ఆ సాఫ్ట్‌వేర్‌లో సాయం చేసినవాళ్ల జాబితా ఒకటి ఉంటుంది. అందులో నా పేరు చూసుకోవాలని నాకు పిచ్చి ఆశ. అప్పటిదాకా నా పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా అచ్చు కాలేదు.

దగ్గర్లో ఉన్న పాత సభ్యుడు ఒక్కరే, కుప్పంలో రిటైరైన హెడ్మాస్టర్. ఇద్దరికీ మధ్యలో ఉంటుందని ఆదివారం పొద్దున పుంగనూరు బస్టాండు ఎదురుగా ఉన్న టీ హోటల్లో కలుద్దామన్నారు. వెళ్లేసరికి చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నా ఆధార్ కార్డు తీసుకుని భూతద్దం పెట్టి చూశారు. నన్ను చూశారు. మళ్లీ కార్డు చూశారు.

"ఈ గుండు ఎవరమ్మా?"

"నేనే సార్." కొండకు వెళ్లి మొక్కు తీర్చుకున్న రెండో రోజే ఆ ఫొటో దిగాను. ఇప్పుడు నా జడ నడుము దాకా ఉంది.

"ఇంకో ప్రూఫు?"

లేదు. దరఖాస్తు నింపించుకోవడానికి ఒక్క ప్రూఫుతో వచ్చినవాళ్లను రోజూ అంగడి ముందు నిలబెట్టి కడిగేసే మనిషిని, ఒక్క ప్రూఫుతో బస్సెక్కి వచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను.

హోటల్ భాయ్ అడ్డం వచ్చాడు. "ఈయమ్మ నాకు తెలుసు సార్. మదనపల్లెలో జిరాక్సు."

"పేరేంది?"

"పేరు తెలీదు గానీ మంచి మనిషి సార్."

సార్ తల అడ్డంగా ఊపారు. పక్క టేబుల్ దగ్గర దోసె తింటున్న పెద్దమనిషి, ఎదురుగానే మంగలి షాపు ఉందని గుర్తు చేశాడు. నేను గుడ్లు ఉరిమి చూస్తే దోసెలో తల పెట్టేశాడు. చివరికి భాయ్ ఉతికిన తువ్వాలు ఒకటి తెచ్చిచ్చాడు. జడంతా లోపలికి దోపి, నున్నగా కట్టుకుని కూర్చున్నాను. సార్ కార్డును నా చెంప పక్కన పెట్టారు. హోటల్ మొత్తం లేచి చుట్టూ మూగింది.

"ముక్కు సందేహంగా ఉండాది" అన్నారు సార్.

"సెవులు సూడు సార్, సెవులు! అచ్చంగా అవే" అని గుంపులోంచి ఎవరో అరిచారు.

బళ్లో నన్ను చాట చెవులని ఏడిపించేవాళ్లు. వాటివల్ల మేలు జరగడం నాకు తెలిసి అదే మొదటిసారి. "సెవులు సరిపోయినాయి" అని సార్ కాగితం మీద రాసుకున్నారు. తర్వాత నా తాళం గుర్తు, అంకెలూ అక్షరాలూ కలిపి నలభై, నేను గట్టిగా చదువుతుంటే ఆయన టిక్కు పెట్టుకుంటూ పోయారు. సగంలో ఒకావిడ, "సిత్తూరు బస్సు నెంబరు వచ్చినప్పుడు సెప్పమ్మా" అంది.

ఈ పూచీ ఒకరికొకరు పడటం వాళ్ల ఆనవాయితీ. ఇప్పుడు ఆయన కార్డు నేను చూడాలి. చూశాను. ఫొటోలో ఒత్తైన నల్లటి జుట్టు, చెవులను కూడా మింగేసింది. ఎదురుగా కూర్చున్న మనిషి తల మీద ఒక్క వెంట్రుక లేదు. మాట్లాడకుండా టిక్కు పెట్టి ఉంటే నా పని అయిపోయేది. కానీ నా నోరు అంగట్లో ఉన్నాననుకుంది.

"సార్, ఇంకో ప్రూఫు ఉందా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "నేను హెడ్మాస్టర్నమ్మా. నన్నే ప్రూఫు అడుగుతావా?"

"పెద్దాయన గదమ్మా, ఒప్పేసుకో" అన్నాడు భాయ్. ఆ సారు నాకు బాగా తెలుసంటూ దోసె ఆయన మళ్లీ లేచాడు. ఏ ఊరో చెప్పమంటే భాయ్‌ను ఇంకాస్త చట్నీ అడిగాడు.

"కుదరదు సార్," అన్నాను. "ఈ ఫొటో మీదేనని నాకు తెలీదు. తెలీందానికి పూచీ పడలేను."

ఆయన కార్డు లాక్కుని, టీ కూడా తాగకుండా, కుప్పం దారిలో పోయే పలమనేరు బస్సెక్కి వెళ్లిపోయారు. హోటల్లో అందరూ నన్ను ముసలాయనను కొట్టినదాన్ని చూసినట్టు చూశారు. తువ్వాలు భాయ్ చేతిలో పెట్టి బయటపడ్డాను. మదనపల్లె దాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. నా రెండు నెలల పనిని నా నోటితోనే పాడుచేసుకున్నానని ఏడుపొచ్చింది.

సాయంత్రం ఐదు దాటాక, ఆశ లేకపోయినా కంప్యూటర్ తెరిచాను. నా పదకొండు లైన్లు తీసుకున్నారు. సాయం చేసినవాళ్ల జాబితాలో చిట్టచివర నా పేరుంది. కింద ఆయన ఉత్తరం.

"అమ్మా, కుప్పం వచ్చేదాకా కోపంగానే ఉన్నా. ఇంటికొచ్చి కార్డు తీసి సూసుకుంటే నాకే నేను కాదనిపించినాది. ఆ హోటల్లో అందరూ ఒప్పేసుకోమన్నారు, కార్డు సరిగ్గా సూసింది నువ్వొక్కదానివే. నీ తాళానికి సంతకం పెట్టేసినా. నీ వంతు పూచీ కోసం మంగళవారం పాన్ కార్డు ఎత్తుకొని మదనపల్లెకు వస్తాండా. దాంట్లో కూడా జుట్టుండాది, ముందే సెప్తాండా."