కాలవ వంతెన దగ్గర లైట్లు

నెలకో ఆదివారం తెల్లవారుజామున మూడింటికి నన్ను నిద్ర లేపిన పాపం ఎనిమిది కార్లది. అందులో ఒక్కటీ నాది కాదు. నాకున్నది ఒక సైకిలు, దానికీ బెల్లు లేదు. నెల్లూరులో మా క్లబ్బుకు గుమాస్తాను నేను, పేరు చెంచురామయ్య. పేకాట బల్లల మీద దుమ్ము దులిపించడం, మెంబర్లకు సర్క్యులర్లు టైపు చేయడం నా ఉద్యోగం. అరవై ఒకటిలో ఆ మెంబర్లకు కార్ల పిచ్చి పట్టింది. అందరూ వరసగా మైపాడు పోవాలి, సముద్రం మీద పొద్దు పొడవడం చూడాలి, ఫ్లాస్కుల్లో కాఫీ తాగాలి, ఒక్కరికీ గీత పడకుండా తిరిగి రావాలి. ఈ ముచ్చట తీర్చే బాధ్యత నా నెత్తిన పడేశారు. నాకు కారు నడపడం రాదని అందరికీ తెలుసు, అయినా నన్నే పట్టుకున్నారు.

నిజానికి ఆ పనంతా చేసింది ముత్యాలయ్య. మా ప్రెసిడెంటు, ప్లీడరు హజరత్తయ్య గారి డ్రైవరు. ముప్పై అయిదేళ్ళుంటాయి. రెండు మాటల్లో తేలే సంగతికి మూడో మాట ఖర్చు పెట్టే రకం కాదు. అతను చెప్పాడు, నేను టైపు చేశాను, కింద ప్రెసిడెంటు గారు సంతకం పెట్టారు.

అన్నింటికన్నా నిదానమైన బండి ముందుండాలి. ప్లీడరు గారి పాత ఆస్టిన్ కన్నా నిదానమైన బండి జిల్లాలో లేదు, పైగా అది ప్రెసిడెంటు గారిది, కాబట్టి ఎవరూ కిక్కురుమనలేదు. గంటకు పాతిక మైళ్ళు దాటకూడదు. బండికీ బండికీ మధ్య రెండు టెలిఫోను స్తంభాల ఎడం ఉండాలి. ఎవరూ ఎవర్నీ దాటి పోకూడదు. లైట్ల విషయంలో ముందు బండి ఏం చేస్తే వెనక బండ్లన్నీ అదే చేయాలి. పొద్దు పొడవక ముందే సముద్రం చేరాలి, ఎందుకంటే తూర్పుకు పోతున్నాం, ఎండ నేరుగా కళ్ళలో కొడుతుంది. శనివారం సాయంత్రం మేమిద్దరం సైకిళ్ళ మీద సగం దారి వెళ్ళి చూసుకొని రావాలి. నూర్పిడికని రోడ్డంతా పరిచిన వరి మోపులు, ఎడ్లబండి వాళ్ళు చక్రానికి అడ్డం పెట్టి అట్లాగే వదిలేసిపోయిన రాళ్ళు, అన్నీ తీసేసి రావాలి. ఆ రాళ్ళు మోసి మోసి నా నడుము అప్పుడే పోయింది.

చివరి రూలు ఒకటుంది. ఇందుకూరుపేటకు ఇవతల కాలవ వంతెన దగ్గర అన్ని బండ్లూ ఎడమ పక్కకు తీసి అయిదు నిమిషాలు ఆగాలి. ఇంజన్లు ఆపాలి, లైట్లు ఆర్పాలి. 'ఇంజను చల్లబడుటకు, బ్యాటరీ ఆదా అగుటకు' అని టైపు చేయమన్నాడు.

"పది మైళ్ళు పోకముందే ఇంజనుకి ఏం వేడి పుడుతుందయ్యా? అసలు సంగతి చెప్పు" అన్నాను.

"గంపల ఆడోళ్ళు ఆ టయానికి వంతెన దాటతారన్నా. చేపలు నెత్తిన పెట్టుకోని రెండింటికే పాళెంలో బయల్దేరతారు, నెల్లూరు మార్కెట్టుకి. పక్కన గడ్డిలో పాములని రోడ్డు నడిమధ్యన నడస్తారు. లైటు కళ్ళల్లో పడిందంటే ఆ బరువుతో పక్కకి తిరగలేరు."

"ఆ మాటే టైపు చేస్తానుగా."

"ఆడోళ్ళ కోసరం ఆగమంటే ఒకసారి ఆగతారు. కారు కోసరం అంటే ఎప్పుడూ ఆగతారు."

నాకు నవ్వొచ్చింది. అతను నవ్వలేదు. నేను కారు పేరు మీదే టైపు చేశాను. ఆ తప్పులో నాకూ సగం వాటా ఉంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను ముందు బండిలో, అతని పక్కన, మెంబర్ల లిస్టు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. వెనక సీట్లో ప్లీడరు గారు గురక పెడుతున్నారు. ఆయన ఎక్కగానే నిద్రపోయి సముద్రం దగ్గరే లేచేవారు. వంతెన దగ్గర ఎనిమిది కార్లూ లైట్లు ఆర్పేశాయి. కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనపడని చీకటి. కాసేపటికి పాదాల చప్పుడు, చేపల వాసన, గంపల నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. ఉన్నట్టుండి మా కిటికీ దగ్గర ఒకామె ఆగింది. ఒక చెయ్యి లోపలికి వచ్చి ముత్యాలయ్య చెంపను, మెడను తడిమింది. ఒళ్ళో ఏదో పెట్టి వెళ్ళిపోయింది. వేయించిన నెత్తళ్ళ చేపల పొట్లం.

"మా అమ్మ" అన్నాడు. పొట్లంలో సగం నాకు పెట్టాడు.

తర్వాత కొంచెం కొంచెంగా చెప్పాడు. వాళ్ళది సముద్రం ఒడ్డున జాలర్ల పాళెం. తండ్రి చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. తల్లి కామమ్మ గంప మోసి ఇద్దరు కొడుకుల్ని పెంచింది. పెద్దవాడు ముత్యాలయ్యకు పడవెక్కితే కళ్ళు తిరిగేవి, అందుకని నెల్లూరు వచ్చి లారీల దగ్గర పడి డ్రైవరయ్యాడు. ఆసుపత్రిలో ఆయా పని చేసే మగ్దలీనమ్మను పెళ్ళి చేసుకున్నాడు. కులం కాని పిల్ల, కిరస్తానీ పిల్ల. పాళెం పెద్దలు కూర్చొని దురాయి వేశారు, అంటే ఊరి కట్టు. ముత్యాలయ్య పాళెంలో అడుగు పెట్టకూడదు, అతనితో ఎవరూ మాట్లాడకూడదు, ముట్టుకోకూడదు. తల్లి అయినా సరే. మాట్లాడగా చూసినవాళ్ళుంటే ఆ ఇంటి వల ఆరు నెలలు సముద్రంలోకి పోదు. కామమ్మ ఉండేది చిన్నకొడుకు ఇంట్లో, ఆ ఇల్లు బతికేది ఆ వల మీద.

"చూసినోళ్ళుంటేనే తప్పన్నా" అన్నాడు ముత్యాలయ్య. "చీకట్లో పక్కనోళ్ళకి తెలిసినా, మేం చూళ్ళేదని పెద్దలకి చెప్పొచ్చు."

నెలకోసారి, అయిదు నిమిషాల చీకట్లో, కిటికీలోంచి ఒక చెయ్యి. అతనికి అమ్మంటే మిగిలింది అంతే. దాని కోసమే ముందు రోజు సాయంత్రాలు నాతో రాళ్ళు మోయించాడని నాకు అప్పుడు అర్థమైంది. ఒళ్ళు మండిందా అంటే, మండలేదు.

రెండేళ్ళు అట్లా నడిచింది. అరవై మూడు జనవరిలో రైసుమిల్లు పెంచలయ్య గారు కొత్త అంబాసిడరు కొన్నారు. మంచివాడే, కానీ కొత్త కారు చేతికొస్తే మంచివాడికి కూడా కాలు ఆగదు. ఆ ఆదివారం వంతెన దగ్గర అందరం ఆగాం. రెండు నిమిషాలు గడిచాయో లేదో వెనక నుంచి ఇంజను మోగింది. పెంచలయ్య గారు వరసలోంచి బయటికొచ్చి, లైట్లు వేసి, మమ్మల్ని దాటి ముందుకు పోయారు.

లైటు నేరుగా ఆడవాళ్ళ కళ్ళలో పడింది. కొయ్యబారిపోయి నిలబడ్డారు. బ్రేకు కీచుమంది. ముందున్న ఇద్దరూ పక్కకు తూలారు, మూడో ఆమె గంపతో సహా రోడ్డు దిగువకు పడిపోయింది. ఆమె కామమ్మ.

ముత్యాలయ్య ఎప్పుడు దిగాడో నాకు తెలియదు, నేను చేరేసరికే అక్కడున్నాడు. తల్లికి రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. అంబాసిడరు లైట్లలో అంతా పట్టపగల్లా ఉంది. పది మంది ఆడవాళ్ళూ అతని వంకే చూస్తున్నారు. వంగి, చెల్లాచెదురైన చేపలు ఏరి గంపలో వేయడం మొదలుపెట్టాడు.

"తమరెందుకు సామీ, మేం ఎత్తుకుంటాం లే" అంది కామమ్మ, బురదలో కూర్చొనే. కన్నకొడుకును సామీ అంది.

"రామయ్యన్నా, నువ్వు లేపు" అన్నాడు నాతో, తలెత్తకుండా. నేను లేపాను. మోచెయ్యి వాచిపోతోంది. ఆమె బరువంతా నా మీద ఆనించి, చూపు మాత్రం కొడుకు మీద పెట్టింది. నా బతుకులో అంత ఇబ్బంది ఎప్పుడూ పడలేదు.

పెంచలయ్య గారు కారు దిగి పరిగెత్తుకొచ్చారు. "నా ఇంజను వేడెక్కలేదు, బ్యాటరీ కొత్తది, ఎందుకు ఆగాలనుకున్నానబ్బా. మనుషులొస్తారని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆగేవాణ్ణి కాదా" అన్నారు. ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. నేను టైపు చేసిన అబద్ధం అది. కామమ్మను ఆయనే తన కొత్త కారులో, బురదతోనే, ఆసుపత్రికి తీసుకుపోయారు.

మిగతావాళ్ళం సముద్రం ఒడ్డున కూర్చున్నాం. ఎవరికీ కాఫీ దిగలేదు. ఇక మీదట ఏం చేద్దామని ప్లీడరు గారు అడిగారు. మానేద్దామన్నారు కొందరు. చివరికి అందరూ ముత్యాలయ్య వైపు చూశారు.

"ఆగేది ఆగాల. లైట్లు మాత్రం ఆర్పొద్దండీ" అన్నాడు. "చిన్న లైట్లు వేసే ఉంచాల. ఎనిమిది బండ్లూ. రోడ్డు మీద ఎవురుండారో అందురికీ కనపడాల."

నేను అతని మొహంలోకి చూశాను. తిరిగి వచ్చాక నిలదీశాను. "నీకు పిచ్చా? వెలుతుర్లో ఆమె నీ దగ్గరికి ఎట్లా వస్తుంది?"

"రాదు" అన్నాడు. "కనపడతాది. సాలు."

ఆ సర్క్యులరు నేనే టైపు చేశాను. ఈసారి నిజం రాశాను, గంపల ఆడవాళ్ళు దాటేదాకా ఆగాలని. ఒక్కరూ కాదనలేదు. ముందే ఎందుకు రాయలేదా అని నన్ను నేను తిట్టుకున్నాను.

రెండు నెలలకు కామమ్మ చెయ్యి బాగై మళ్ళీ గంప ఎత్తింది. చిన్న లైట్ల వరసలో, మా వెనక కారు వెలుతురు మా కిటికీ మీద పడుతుండగా, మూడో మనిషిగా నడిచి వచ్చింది. తల తిప్పలేదు. కానీ సరిగ్గా మా పక్కకొచ్చేసరికి అడుగు తగ్గించి, తన వెనక వచ్చే గురవమ్మతో గట్టిగా అంది.

"చెయ్యి నొప్పి తగ్గిందే గురవమ్మా. అన్నం సయిస్తా ఉండాది."

గురవమ్మ ఊఁ కొట్టింది. ముత్యాలయ్య నా వైపు తిరిగి, అంతే గట్టిగా అన్నాడు. "రామయ్యన్నా, పాపకి పైన రెండు పళ్ళొచ్చినాయి."

అతని కూతురి పళ్ళు నేను వారం కిందటే చూశాను. "అట్నా" అన్నాను.

కట్టు ఎవరూ తప్పలేదు. ఆమె గురవమ్మతో మాట్లాడింది, అతను నాతో మాట్లాడాడు. ఆ తర్వాత నాలుగేళ్ళు వాళ్ళ సంసారం మొత్తం నేను విన్నాను. చిన్నకొడుక్కి కూతురు పుట్టింది. మగ్దలీనమ్మకు జీతం పెరిగింది. పాప బడిలో చేరింది. చింతపండు ధర సంగతి కూడా చెప్పుకునేవాళ్ళు. నాకు నిద్ర కళ్ళ మీద ఉండేది, అయినా అట్నా అనడం మరిచిపోలేదు.

అరవై ఏడులో, కార్తీకమాసం. మంచు పడుతోంది. నా మోకాళ్ళు సైకిలు తొక్కడానికి ఒప్పుకోవడం లేదు, ఈ ఏడాదితో ఈ పని వదిలించుకోవాలని నిశ్చయించుకున్నాను. వంతెన దగ్గర ఆగాం. ఆడవాళ్ళు వస్తున్నారు. ఒకరు, ఇద్దరు. మూడో మనిషి గురవమ్మ. కామమ్మ లేదు.

గురవమ్మ మా కిటికీ పక్కకొచ్చి అడుగు తగ్గించింది. వెనకామెతో గట్టిగా అంది. "కామమ్మ పోయి పదకొండు రోజులాయె గదే. రెండు రోజులే జరం. పెద్దోడా, పెద్దోడా అనే పోయింది."

దురాయి కదా, కబురు పెట్టినవాళ్ళు లేరు. పదకొండు రోజులుగా ఇతను కారు తుడుచుకుంటూ, నాతో శనివారం రాళ్ళు తీస్తూ ఉన్నాడు.

ఇప్పుడు నా వైపు తిరిగి ఏదో అనాలి. నేను ఎదురుచూశాను. అతను తిరగలేదు. చెయ్యి చాచి లైట్లు ఆర్పేశాడు.

ముందు బండి ఏం చేస్తే వెనక బండి అదే చేయాలి. వెనక కారు ఆర్పింది. దాని వెనకది ఆర్పింది. ఒక్కొక్కటే ఎనిమిదీ ఆరిపోయాయి. ఆ చీకట్లో ముత్యాలయ్య ఏడ్చాడు. గంపలు దించిన చప్పుడు వినపడింది. గురవమ్మ చెయ్యి కిటికీలోంచి లోపలికి వచ్చింది. అది పోయాక ఇంకో చెయ్యి, ఆ తర్వాత ఇంకొకటి. "అబ్బయ్యా" అని ఎవరో, "ఊరుకో నాయనా" అని ఎవరో. చేపల తడి చేతులు ఒక్కొక్కటే అతని తల నిమిరి పోయాయి. వెనక సీట్లో గురక ఆగిపోయింది. ప్లీడరు గారు ఏమిటని అడగలేదు.

చాలాసేపటికి పాదాల చప్పుడు నెల్లూరు వైపు సాగిపోయింది. ముత్యాలయ్య మొహం తుడుచుకొని, లైట్లు వేసి, బండి కదిలించాడు. గంటకు పాతిక మైళ్ళే, ఎక్కువా కాదు తక్కువా కాదు.

సముద్రం దగ్గర అతను ఎప్పుడూ కారు దిగేవాడు కాదు. ఆ రోజు దిగి, డ్రైవరు బట్టలతోనే నీళ్ళలోకి నడిచి, మూడు మునకలు వేశాడు. చావు కబురు విన్నవాడు తలస్నానం చేయాలి కదా.

పెంచలయ్య గారు ఫ్లాస్కు పట్టుకొని నా పక్కకొచ్చి అతన్నే చూస్తూ నిలబడ్డారు. "ఏందయ్యా చెంచురామయ్యా, వంతెన కాడ లైట్లు ఆర్పించినారే. సర్క్యులర్లో అట్లా లేదే" అన్నారు.

"బ్యాటరీ ఆదా కోసమండీ" అన్నాను.