రేవులో వేలాడిన బ్రేకు డిస్కు

ఆ రోజుల్లో మా కోనసీమలో వస్తువుకి గ్యారంటీ అంటే అమ్మినవాడి మొహమే. మిక్సీ తిరక్కపోతే కొట్టుకెళ్ళి, కొట్టాయన ఎదురుగా కూర్చుని, ఆయన ఇప్పించిన కాఫీ తాగుతూ నాలుగు మాటలంటే పని జరిగిపోయేది. వారంటీ అనే మాట, దానికో పుస్తకం, ఆ పుస్తకం వెనక చీమ తలకాయంత అక్షరాలు, ఇవన్నీ మోటారు సైకిళ్ళతో పాటు దిగాయి. ఆ అక్షరాలు చదవడమే నా మొదటి ఉద్యోగం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, అమలాపురంలో ఒక మోటారు సైకిళ్ళ షోరూమువాళ్ళు నన్ను వారంటీ గుమస్తాగా వేసుకున్నారు. (నా బల్ల మీద చెక్కముక్కకి ‘వారంటీ ఎగ్జిక్యూటివ్’ అనే ఉండేది. గుమస్తా అన్నది మా నాన్నగారు.) ఆరు నెలలు చూసి, నచ్చితే పర్మినెంటు చేస్తామన్నారు. నచ్చకపోతే నేనెక్కడికి వెళ్ళాలో కూడా ఇంట్లో నిర్ణయమైపోయింది: అంబాజీపేట దగ్గర మా పెదనాన్నగారి పీచు మిల్లు. కొబ్బరి డొక్కలు నానేసిన గోతుల వాసన ఎరిగినవాళ్ళకి, ఆ ఆరు నెలలూ నేనెంత భక్తిగా పనిచేశానో వేరే చెప్పక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే కంపెనీ ఒక కొత్త బండి దింపింది. అడ్వెంచరు బండి అన్నారు. గుర్రమంత ఎత్తు, ముందు మడ్‌గార్డు టైరుకి జానెడు పైన, సీటెక్కితే పొట్టివాళ్ళకి కాళ్ళందవు. షోరూము గోడ మీద నిలువెత్తు బొమ్మ పెట్టారు. అందులో ఆ బండి ఒక వాగులోంచి నీళ్ళు చిమ్ముకుంటూ పైకి లేస్తూ ఉండేది. వారంటీ పుస్తకంలో మాత్రం, బండిని వాగుల్లోనూ బురదలోనూ ఉప్పునీళ్ళలోనూ వాడితే కంపెనీకి సంబంధం లేదని రాసి ఉండేది. కొనే ముందు సేల్సు కుర్రాళ్ళు బొమ్మ చూపించేవారు, కొన్నాక నేను పుస్తకం చూపించేవాణ్ణి. ఎవరి డ్యూటీ వాళ్ళు చేసేవాళ్ళం.

ఆ బండి మా దగ్గర మొట్టమొదట కొన్నది చెరువుల బాబాయిగారు. మురమళ్ళ దాటాక మెయిన్ రోడ్డు దిగి గట్టు పట్టుకుని వెళితే గోదావరి పాయ ఒకటి వస్తుంది, పాయ అవతల లంకలో ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. నాకేమీ చుట్టం కాదు గానీ, షోరూము ఊడ్చే అప్పాయమ్మ నుంచి ఓనరుగారి దాకా అందరికీ ఆయన బాబాయిగారే. బొమ్మ ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడి, “ఇది మా లంక చూసే చేసేరండి” అని తీర్మానించి బండి పట్టుకెళ్ళారు.

మూడు నెలలకి తిరిగొచ్చారు. “బ్రేకు పట్టుకుంటే చాలండి, మలేరియా జ్వరం వచ్చినట్టు హ్యాండిలు వణికిపోతోంది” అన్నారు. మా మేస్త్రి ముందు చక్రం ఎత్తి తిప్పి చూసి, డిస్కు వంకరపోయిందన్నాడు. డిస్కంటే చక్రం పక్కన, చుట్టూ చిల్లులతో, టిఫిను పళ్ళెమంత ఉండే ఇనప బిళ్ళ. బ్రేకు దాన్నే పట్టుకుంటుంది. బాగా కాలి ఉన్నప్పుడు చన్నీళ్ళలో ముంచితే ఒక్కోసారి వంకరపోతుందిట.

“బాబాయిగారూ, బండి గానీ నీళ్ళలో దించేరాండి?” అని అడిగాను.

“దించకపోతే చెరువులకెలా వెళ్తానండి? పోటప్పుడంటే పడవెక్కిస్తాను. ఆటు వేళకి పాయలో మోకాల్లోతే కదండీ! గట్టు మీంచి బ్రేకు పట్టుకుని జర్రున దిగి, అచ్చం మీ బొమ్మలోలాగే...”

“ఆ మాట మీరు అనలేదు, నేను వినలేదండి” అని ఆయన్ని అక్కడే ఆపేశాను. క్లెయిము ఫారంలో ‘బండి నడిపే రోడ్డు’ అని ఒక గడి ఉంటుంది. అందులో గుండ్రటి దస్తూరీతో ‘తారు రోడ్డు మాత్రమే. నీళ్ళు తగలవు’ అని రాశాను. (గడప దిగితే కాలికి నీళ్ళు తగిలే కోనసీమలో కూర్చుని ఆ ముక్క రాయడానికి చెయ్యెలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలీదు.) పదిరోజుల్లో కొత్త డిస్కు వచ్చింది. బిగించాం. వణుకు పోయింది.

అసలు కథ పాత డిస్కుతో మొదలైంది. కంపెనీ పద్ధతేమిటంటే, మార్చిన పాత సామానుకి చీటీ కట్టి మా దగ్గరే ఒక గదిలో దాచాలి. నెలకో రెండు నెలలకో కంపెనీ నుంచి ఒక సారు వచ్చి, ఒక్కోటీ చూసి, చూసినదానికి ఎర్రరంగు పూసి, రంపంతో రెండు ముక్కలు చేయించేవారు. ఒకే సామాను చూపించి రెండుసార్లు క్లెయిము చెయ్యకుండా అన్నమాట. ఆయన్ని మేం ఎర్రరంగు సారు అనుకునేవాళ్ళం. మా వైపు జనానిదేమో ఇంకో పద్ధతి. ఏ బండికి ఏం మార్చినా పాతది చేతికిచ్చి తీరాలి. పాతది చేతిలో ఉంటేనే కొత్తది వేసినట్టు లెక్క, లేకపోతే మేస్త్రి తుడిచి మళ్ళీ అదే బిగించాడని అనుమానం. బాబాయిగారూ చెయ్యి చాపారు. ఇవ్వకూడదని చెప్పాను. “అలాగేనండి, పోనీలెండి” అన్నారు గానీ చాపిన చెయ్యి వెనక్కి తియ్యలేదు. పెద్దాయన, పైగా వస్తూ వస్తూ అరిటాకులో చుట్టి రెండు కిలోల రొయ్యలు మా అమ్మకిమ్మని తెచ్చారు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది, పెద్దలు చదువుతారని ఇక్కడ రాయడం లేదు. “కావలిస్తే కబురు చెయ్యండి, పంపించేస్తాను” అన్నారాయన. నేను డిస్కు ఆయనకిచ్చేసి, ఉత్త చీటీని గదిలో మేకుకి తగిలించాను.

నా ఆరో నెల ఆఖరి వారంలో ఓనరుగారు పిలిచి, రేపు ఎర్రరంగు సారు వస్తున్నారని చెప్పారు. “ఈసారి ఒక్క క్లెయిము రిజెక్టయినా నీ కాయితం మీద సంతకం పెట్టనయ్యా” అని కూడా అన్నారు. బాబాయిగారింటికి ఫోను చేస్తే పిన్నిగారు తీశారు. “ఆ చిల్లుల బిళ్ళా నాయనా? రేవులో కట్టేరు కదా! ఇదివరకు ఇవతల గట్టు మీంచి పడవ కోసం గొంతులు పోయేలా అరిచేవారు, ఎదురుగాలైతే అదీ వినపడేది కాదు. ఇప్పుడు దాన్ని ఒక్కటి కొడితే చాలు, పడవ వచ్చేస్తోంది” అని ఎంతో సంతోషంగా చెప్పారు. పొద్దున్నే పోయి విప్పుకొచ్చి, సారు వెళ్ళాక మళ్ళీ కట్టేద్దామనుకున్నాను. కానీ షోరూము బండి కోసం నేను తాళాలు తీసుకుని వెళ్ళేసరికే సారు షోరూము మెట్ల మీద కూర్చుని పేపరు చదువుతున్నారు.

ఆయన గదిలో ఒక్కో సామానూ చూస్తూ వచ్చి ఉత్త చీటీ దగ్గర ఆగారు. చీటీ తిప్పి చూశారు, మేకు కూడా చూశారు. “పార్టు ఏదండీ?” అన్నారు. కస్టమరు దగ్గర ఉందన్నాను. “అయితే పదండి” అని సంచీ భుజాన వేసుకున్నారు. కోపం లేదు, నవ్వూ లేదు. అలాంటివాళ్ళంటేనే నాకు భయం.

షోరూము బండి మీద ఆయన్ని ఎక్కించుకుని రేవుకి చేరేసరికి పాయ నిండా పోటు. పడవ అవతల గట్టున ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు ఖాళీ గంపలు పక్కన పెట్టుకుని అప్పుడే వచ్చి కూలబడ్డారు. తాటి మొద్దుకి నైలాను తాడుతో మా డిస్కు వేలాడుతోంది. తుప్పు పట్టకుండా ఎవరో కొబ్బరినూనె కూడా రాశారు. షోరూములో కూడా అంత మెరుపు లేదు దానికి. పడవనెలా పిలుస్తారని సారు అడిగితే, గంపలావిడ “అదిగోనండి, దాన్ని కొట్టండి బాబూ” అని చూపించింది. సారు పక్కనే వేలాడుతున్న ఇనప చువ్వ అందుకుని ఒకటి కొట్టారు. ఖంగుమంది. మోత బాగుందేమో, అవసరం లేకపోయినా ఇంకోటి కొట్టారు. మూడోసారి చువ్వెత్తి, ఆగి, దగ్గరికి వంగి, డిస్కు అంచున చెక్కిన నంబరు చదివారు.

“ఇదేనా?”

“ఆయ్, అదేనండి” అన్నాను.

ఆయన సంచీలోంచి నా ఫారం తీసి పైకి చదివారు: “తారు రోడ్డు మాత్రమే. నీళ్ళు తగలవు.” తర్వాత తలెత్తి పాయని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, “తారు ఏ వైపుందండీ?” అని అడిగారు.

మోత విని పడవ వచ్చింది. దాన్లోనే బాబాయిగారు కూడా, చేతిలో బొండాల గెలతో. ఎవరొచ్చారో, ఎందుకొచ్చారో నేను చెప్పేలోపు సారే చెప్పేశారు. “బండి ఎక్కడ నడిపారో నేను చూడలేదనుకుంటాను. ఆ బొమ్మ గీయించింది కూడా మా కంపెనీయే, ఆ మాత్రం సిగ్గు నాకూ ఉంది. కానీ పార్టు కొయ్యకుండా ఫైలు మూయలేను. కోస్తే క్లెయిము పాసు, లేకపోతే రిజెక్టు” అని రంపం తీశారు.

గంపలావిడ లేచి వచ్చింది. “కొయ్యకండి బాబూ! మొన్న మా కోడలికి నొప్పులొచ్చినప్పుడు నర్సమ్మగారు ఈ గట్టు మీంచి దీన్ని కొట్టే కదండీ పడవని పిలిచేరు. అరిస్తే ఎవరికి వినపడేదండి?” అంది. సారు రంపం చేత్తో పట్టుకుని నా వైపు చూశారు. బాబాయిగారూ చూశారు. అప్పుడు నేను చేసిన పని ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. “కొయ్యండి సార్, ఊగకుండా నేను పట్టుకుంటాను” అని డిస్కుని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత చురుగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రంపం రెండుసార్లు కిర్రుమంది. అంచు మీద తెల్లగా గీత పడింది. బాబాయిగారు రంపం వైపు చూడటం లేదు, నా మొహం వైపే చూస్తున్నారు. ఏం కనిపించిందో గానీ బొండాలు కింద పెట్టి, “ఆగండి సారూ” అన్నారు. “నీళ్ళలో దించింది నేనేనండి. ఈ అబ్బాయి అప్పుడే అడిగేరు, నేనే అబద్ధమాడేను. క్లెయిము నాకొద్దని రాసిచ్చేస్తాను, కొత్తదాని ఖరీదు కట్టుకుంటాను. ఆయనకి మాత్రం మాట రానివ్వకండి.”

ఆయనది అబద్ధమని సారుకి తెలుసు, నాకు తెలుసు, గంపలావిడక్కూడా తెలిసిపోయి ఉంటుంది. సారు నా ఫారం మడిచి, “కస్టమరు వాపసు తీసుకుంటే అది రిజెక్టు కింద రాదు” అని రంపం సంచీలో పెట్టేశారు. పడవ బల్ల మీదే కాయితం రాయించుకున్నారు. బొండాలు రెండు తాగారు. వెళ్ళే ముందు, చూసిన పార్టుకి రంగు పడాల్సిందేనని డిస్కు మధ్యలో ఎర్రచుక్క మాత్రం పెట్టారు. నూనె మీద ఎర్రచుక్క పడేసరికి అది ముత్తయిదువలా కళకళలాడిపోయింది. గంపలావిడ దండం పెట్టుకుంది.

సాయంత్రం ఓనరుగారు రిపోర్టు చూసి కుర్చీలోంచి లేచారు. “కస్టమరు చేత క్లెయిము వాపసు తీయించేవా! ఇన్నేళ్ళలో ఏ గుమస్తా చెయ్యలేదయ్యా. ఎలా ఒప్పించేవు?” అన్నారు. చుట్టూ మేస్త్రీ, సేల్సు కుర్రాళ్ళూ నిలబడి ఉన్నారు. అసలు సంగతి చెప్పడానికి నాకు కావలసినంత వ్యవధి ఉంది. “ఏదో, కాస్త మర్యాదగా మాట్లాడేనండి” అన్నాను. అక్కడికక్కడే పర్మినెంటు కాయితం మీద సంతకం పడింది.

పర్మినెంటయ్యాక భోజనానికి రమ్మని బాబాయిగారు ఎన్నిసార్లు కబురంపినా, ఏదో వంకన రెండేళ్ళు తప్పించుకు తిరిగాను. చివరికి వెళ్ళక తప్పలేదు. రొయ్యల వేపుడు దగ్గరుండి తనే వడ్డిస్తూ, “ఆ రోజు మీ ఓనరుగారు మిమ్మల్ని తెగ మెచ్చుకున్నారటండి?” అని అడిగారు. ఎవరు చెప్పారో ఏమో.

“ఆయ్” అన్నాను, విస్తట్లోకి చూస్తూ.

“మెచ్చుకోవాలండి మరి” అని ఇంకో గరిటె వేశారు. నేను తలెత్తకుండా మొత్తం తినేశాను.