శాబాద్ బండల మీదికి దూకిన కోళ్లు

1997 జూన్‌లో నన్ను నాంపల్లి పశువైద్యశాలకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. మా శాఖలో డాక్టరుకు అది మొదటి మెట్టే అయినా, సొంత సంతకంతో రిపోర్టు ఇచ్చే అధికారం అక్కడి నుంచే వస్తుంది. అంతకుముందు కొన్నేళ్లు ప్రైవేటు పంజరాల కోళ్ల ఫారాల్లో పనిచేశాను. కోళ్ల జబ్బులు బాగా తెలిసినవాడినని పేరు ఉండేది. ఆ పేరును నేనూ నమ్మాను.

అబిడ్స్ వెనక ఒక క్రైస్తవ బాలికల హాస్టల్ ఉండేది. వార్డెన్ సుగుణమ్మది మెదక్. పాత బంగళా ఆవరణలో ఆమె కోళ్లను విడిచి పెంచేవారు. పిల్లలకు పొద్దుటి గుడ్డు వాటి నుంచే. నేను చేరిన కొత్తలో, పందికొక్కులు కోళ్లను కొరుకుతున్నాయని ఆమె వచ్చి చెబితే, షెడ్డులో అవి పడుకునే కర్రను పైకప్పు దగ్గరికి ఎత్తించమని చెప్పి పంపాను.

చలికాలం వచ్చేసరికి కోళ్లు కూలబడడం మొదలైంది. గుడ్లు తగ్గాయి. హాస్టల్ కమిటీ కార్యదర్శి ప్రభాకరరావు గారు గుంటూరు నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన పెద్దమనిషి. కోళ్లను ఉంచాలో అమ్మాలో తేల్చి రిపోర్టు ఇవ్వమన్నారు. వెళ్లాను. వరండాలో కుర్చీ వేశారు. అక్కడి నుంచే చూశాను. గుడ్డు పెంకుకు కావలసిన సున్నం మేతలో చాలకపోతే, కోడి తన ఎముకలోంచే తీసి పెంకు కడుతుంది. చివరికి కాళ్లు నిలవవు. పంజరాల్లో అలాంటివి ఎన్నో చూశాను కనుక ఇదీ అదేననుకున్నాను.

షెల్ గ్రిట్, అంటే ఆల్చిప్పల నూక, వేస్తున్నారా అని అడిగాను.

“ఉస్మాన్‌గంజ్ నుంచి తెచ్చి దినాం ఏస్తున్న సారూ. గది కాదు, పక్కోళ్లు ఎలుకల మందు పెట్టిన్రని నా అనుమానం. జర ఒక్కదాన్నన్న పట్టి సూడుండ్రి. కుర్సీల కూసుంటే కోడి ఏం చెప్తది?” అన్నారు సుగుణమ్మ.

నవ్వాను, కుర్చీలోంచి లేవలేదు. మేతలో లోపం, పెంపకంలో అశ్రద్ధ, అమ్మేయడం మంచిది అని రాసిచ్చాను. అశ్రద్ధ అన్న మాటకు నా దగ్గర ఆధారం లేదు. రిపోర్టుకు బరువు వస్తుందని వేశాను.

కమిటీ అలాగే తీర్మానించింది. వ్యాపారి సగం కోళ్లను పట్టుకుపోయి, మిగతావాటికి మళ్లీ వస్తానన్నాడు. ఈలోగా సుగుణమ్మ చచ్చిన కోడిని గంపలో పెట్టుకుని, ఎలుకల మందు సంగతి తేల్చమని ఆసుపత్రికి వచ్చారు. పోస్టుమార్టంలో విషపు జాడ కనిపించలేదు. మేతకూ నీళ్లకూ వెళ్లలేక చిక్కి చచ్చింది. కాలి ఎముకను విరిచి చూడడం మా పద్ధతి. సున్నం తగ్గితే అది పుల్లలా చిట్లిపోతుంది. ఇది వేళ్లకు ఎదురునిలిచి, బలమంతా పెట్టాకే ఠప్పున విరిగింది. అంటే సున్నానికి లోటు లేదు. కానీ రొమ్ము కింద పడవ అడుగులా ఉండే కీల్ ఎముక వంకరపోయి ఉంది. ఒకచోట పాత విరుపు అతుక్కున్న గడ్డ, దాని పక్కనే కొత్త విరుపు.

మర్నాడు తెల్లవారగానే వెళ్లి షెడ్డు తలుపు పక్కన నిలబడ్డాను. కోళ్లు కర్ర మీది నుంచి దూకుతున్నాయి. రెక్కలు విప్పే చోటు లేదు. కింద నేలకు పరిచిన శాబాద్ రాతి బండలు. రొమ్ము నేరుగా బండకు తగులుతోంది. ఉన్నవాటిని ఒక్కొక్కటిగా పట్టుకుని వేళ్లతో కీల్ తడిమాను. చాలావాటికి గడ్డలు తగిలాయి. ఆ కర్ర ఎత్తించింది నేనే.

రెండో రిపోర్టు రాసి కమిటీకి స్వయంగా తీసుకెళ్లాను. ప్రభాకరరావు గారు రెండూ పక్కపక్కన పెట్టుకున్నారు.

“డాక్టర్ గారూ, అదీ మీ సంతకమే, ఇదీ మీ సంతకమే. మమ్మల్ని దేన్ని నమ్మమంటారండీ?”

“రెండోదాన్నండీ. మొదటిది కోడిని ముట్టుకోకుండా రాశాను.”

మొదటి రిపోర్టులో అశ్రద్ధ అన్న మాటను సుగుణమ్మ ఎదుటే కొట్టేశాను. మిగిలిన కోళ్లను ఉంచారు. కర్రను కిందికి దించి, దిగడానికి ఏటవాలు పలక వేసి, బండల మీద ఊక పరిపించాం. పందికొక్కులు రాకుండా తలుపు కింద రేకు కొట్టించాం. వంకరపోయిన ఎముకలు సరికాలేదు. కొత్తగా విరగడం మాత్రం తగ్గింది.

క్షమించమని సుగుణమ్మను అడిగాను. “నన్నన్నది పోనీ సారూ. పోయినయి రావు గదా,” అన్నారు.

విడిచి పెంచే కోడికి నడక వల్ల ఎముక గట్టిపడుతుంది. ఎత్తు నుంచి దూకితే ఆ గట్టి ఎముకైనా విరుగుతుంది. పంజరంలో చూసిన జబ్బు పేరును ఆవరణలోని కోడికి తగిలించవద్దని, కూలబడిన కోడికి ముందు కీల్ తడమమని తర్వాత నా దగ్గర పనిచేసిన డాక్టర్లకు చెబుతూ వచ్చాను. ఆ వ్యాపారి పట్టుకుపోయిన కోళ్లలో ఎన్నింటికి దెబ్బ తగిలిందో, ఎన్ని బాగున్నాయో నాకు తెలియదు. అమ్మమని రాసినప్పుడూ తెలియదు.