చీపురెక్కిన మనవరాలు

మా పాపకు స్కూలు నాటకంలో మంత్రగత్తె వేషం ఇచ్చారు. మొనదేలిన టోపీ, నల్ల గౌను, చీపురెక్కి ఆకాశంలో తిరగడం. దూరదేశాల కథల్లో మంత్రగత్తెలకు చీపురే వాహనమట. తెల్లగా ఉన్న పిల్లలందరికీ పరీల వేషాలు వచ్చాయని నాకు లోపల మండింది. పాపకు మాత్రం ఆ పట్టింపే లేదు. రెక్కలున్నా పరీలు నిలబడే ఉంటారట, ఎగిరేది తనొక్కతేనట! బీరంగూడలోని మా కిరాయి ఇంట్లో చీపురెక్కి ఒకటే గంతులు.

మా అమ్మ చూసి నెత్తి కొట్టుకుంది. "సీపురంటే లచ్చిమి బిడ్డా! కాలు తాకితేనే మొక్కుతం. నువ్వు ఎక్కి కూసుంటివా?" అని గుంజుకుంది. పాప రాగం అందుకుంది. మనవరాలి ఏడుపు అమ్మ ఎంతసేపు ఓర్చుకుంటుంది? పండ్ల బండి అతన్ని అడిగి ఎండుగడ్డి తెచ్చింది, పాత పరదా కడ్డీకి కట్టింది. "ఇది ఇల్లూడ్సిన సీపురు గాదు. దీంట్ల లచ్చిమి లేదు, ఎక్కు" అని తీర్పు చెప్పింది.

పాప టోపీ పెట్టుకొని వచ్చి, "నానమ్మా, నేను మంత్రగత్తెను!" అంది.

అమ్మ ముఖం మాడిపోయింది. "గా పేరు పిల్లకెందుకురా? జెర వేరే వేషం ఇయ్యమను" అంది నాతో.

నాకు అర్థమైంది. అమ్మకు ఒక అక్క ఉండేది. ఊళ్లో ఎవరి పిల్లో జ్వరంతో పోతే, ఈమె మంత్రాలు చేసిందని పుకారు లేపారు. ఆమె ఎదురైతే తల్లులు పిల్లల్ని కొంగుల్లో దాచుకునేవారట. ఒకనాడు అందరూ కట్టెలు పట్టుకొని ఆమెను ఊరవతలికి తరిమారు. అమ్మ తలుపు చాటునుంచి చూసింది, బయటికి రాలేకపోయింది. పెద్దమ్మ పటాన్‌చెరులో ఏదో కంపెనీలో కూలి చేసుకుంటూ ఒంటరిగానే పోయింది.

వేషం మార్చమని అడగడానికి బయల్దేరుతుంటే పాప నా కాళ్లకు చుట్టుకొని ఏడ్చింది. అమ్మే మెత్తబడింది. "పోనియ్‌రా. నేను గూడ వస్త" అంది.

నాటకం చివర్లో పిల్లలంతా కట్టెలెత్తి, "పో, మంత్రగత్తే, పో!" అని అరవాలి. పాప ఉరకాలి. అంతా అలాగే మొదలైంది. అంతలో నా పక్కన అమ్మ లేచి నిలబడింది.

"ఉర్కకు బిడ్డా! నేనున్న, ఇటు రా!"

హాలంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పాప టీచరు వైపు చూసింది, నానమ్మ వైపు చూసింది. చీపురు అక్కడే పడేసి, మెట్లు దిగి వచ్చి అమ్మను వాటేసుకుంది. అమ్మ దాని తల నిమురుతూ, "ఇంటికి పోదాం పా, అక్కా" అంది.