కాగితం చూడని బొమ్మలు

మా బాబాయి ఎదుట ఎవరూ కునుకు తీయకూడదు. తీస్తే బొమ్మ గీసేస్తాడు. అదీ కాగితం వంక చూడకుండా! చూపు మన మొహం మీద ఉంటుంది, పెన్సిలు దాని దారిన అది పోతుంది. స్కూల్లో డ్రాయింగు మాస్టారు కాబట్టి పెన్సిళ్ళకు కొదవ లేదు.

మొదట్లో బొమ్మలు ఘోరంగా వచ్చేవి. మా నాన్న సోఫాలో నిద్రపోతుంటే గీసిన దాంట్లో ముక్కు వెళ్ళి చెవి పక్కన కూర్చుంది.

"నా ముక్కు అక్కడేం చేస్తోందిరా?"

"గురక అదురుకి జరిగుంటుంది అన్నయ్యా."

"కాగితం చూసి గీస్తే నీ సొమ్మేం పోయింది?"

బాబాయి నవ్వేసి పెన్సిలు చెక్కుకున్నాడు.

స్కూల్లో మీటింగు జరుగుతుంటే హెడ్మాస్టరుగారినీ వదల్లేదు. ఆయన మండిపడ్డారు. "నేను కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నానయ్యా!"

"నోరు తెరుచుకుని కూడానా సార్?"

ఈ బాధ పడలేక మా ఇంట్లో అందరూ మొహం మీద పేపరు కప్పుకుని పడుకునేవారు. బాబాయి ఆ పేపరునీ గీశాడు.

ఆయనకు చిక్కనిది పిన్ని ఒక్కతే. "నాకు కంటి మీద కునుకే లేదు, ఇంక నన్నేం గీస్తారు!" అనేది. రెండేళ్ళుగా అదే మాట. పిన్నిది టైలరింగ్ షాపు, ఒక్క మిషనుతో మొదలుపెట్టి తనే పైకి తెచ్చింది. నిద్రలేక చెయ్యి తూలి ఎవరి బట్ట పాడుచేస్తానోనన్న భయంతో కత్తెర పట్టడం మానేసింది. అది చాలనట్టు, తనను చూస్తేనే పారిపోయే ఇంటి పిల్లి వెంట్రుకలు రోజూ తన దుప్పటి మీద ఎలా ఉంటున్నాయో తెలియక చిరాకు పడేది. చివరికి ఒకరోజు, "షాపు మూసేస్తానమ్మాయ్" అంది.

నేను పనిచేసేది నిద్ర పరీక్షలు చేసే చోట. బతిమాలి తీసుకెళ్ళి, తలకు వైర్లు అంటించి పడుకోబెట్టాను. పొద్దున్నే, "చెప్పానా, రెప్ప వాల్చలేదు!" అంది.

డాక్టరుగారు గ్రాఫు చూపించారు. "ఇంచుమించు రాత్రంతా నిద్రపోయారమ్మా. కొందరికి అంతే, నిద్రపోయిన సంగతి వాళ్ళకే తెలియదు."

"ఆ వైర్లు మా కుట్టుమిషనుకి తగిలించినా ఇలాంటి గీతలే వస్తాయి లెండి."

పిన్నిని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన బాబాయి అప్పుడు సంచిలోంచి ఒక కట్ట తీసి బల్ల మీద పరిచాడు. అన్నీ పిన్ని బొమ్మలే. చెంప కింద చెయ్యి, మంచం దిగి వేలాడే జడ, తెరుచుకున్న నోరు.

"ఇవన్నీ ఊహించి గీసుంటారు" అంది పిన్ని.

బాబాయి ఒక బొమ్మలో ఒక మూల వేలు పెట్టాడు. పిన్ని పాదాల మీద పిల్లి ముడుచుకుని పడుకుని ఉంది.

పిన్ని ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. "ఆ వెంట్రుకలు... ఇది రోజూ నా కాళ్ళ మీదే పడుకుంటోందా? నాకు తెలియలేదంటే..."

"దానికి నీ గురక అలవాటైపోయింది."

"నేను గురక పెడతానా!"

"మరి గీయడానికి లైటు వేస్తే పిన్నికి మెలకువ రాలేదా బాబాయ్?" అన్నాను.

"లైటెందుకు వేస్తానమ్మా? వీధి దీపం వెలుతురు మంచం మీద పడుతుంది. నా ఒళ్ళో కాగితమే కనపడదు. అందుకే చూడకుండా గీయడం పగలు మీ అందరి మీదా సాధన చేశాను. ముందే చూపిస్తే మీ పిన్ని వెక్కిరిస్తున్నాననుకుంటుంది. డాక్టరుగారి మాట తోడుంటే నమ్ముతుందని ఆగాను."

నాన్న ముక్కు ఎందుకు జరిగిందో నాకప్పుడు అర్థమైంది. బాబాయి మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందో చెప్పలేను.

పిన్ని డాక్టరుగారిని వరసగా ఏవేవో అడిగి, ఇటు తిరిగేసరికి బాబాయి కుర్చీలోనే నిద్రపోతున్నాడు. ఎన్ని రాత్రుల బాకీయో పాపం! పిన్ని నా పెన్ను లాక్కుని గ్రాఫు వెనక గీయడం మొదలుపెట్టింది. కాగితం వంక ఒక్కసారీ చూడలేదు.

మెలకువ వచ్చాక బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నా ముక్కేదీ?"

"గురక అదురుకి జరిగుంటుంది."

ఇప్పుడా బొమ్మ పిన్ని షాపులో, తను బట్ట కత్తిరించే బల్లకు ఎదురుగా, ఫ్రేము కట్టి ఉంది.