జేబులో దొరికినవి

మా వీధి చివర డ్రై క్లీనింగ్ షాపు నడిపే ఆవిడను ఇప్పటికీ అందరూ డిటెక్టివ్ అనే పిలుస్తారు. పదిహేనేళ్ల వయసులో సంపాదించుకున్న పేరది. నిజానికి ఆమె ఛేదించిన కేసు ఒక్కటే. అందులో దోషి కూడా ఆమే.

అప్పట్లో షాపు వాళ్ల నాన్నది. ఆయనకో నియమం ఉండేది. ఉతకడానికి ముందు జేబులు తడమాలి. దొరికినదాన్ని చూడకుండా చిన్న కాగితం కవర్లో వేసి, ఆ బట్టకే పిన్నుతో గుచ్చాలి. "జనం గుట్టు మనకెందుకు? తియ్యి, వెయ్యి, గుచ్చు" అనేవాడు. ఆదివారాలు ఆ పని కూతురిది. ఎటో చూస్తూ, ఎవరితోనో కబుర్లాడుతూ చేసేంతగా చేతికి అలవాటైపోయింది.

ఆమె ప్రాణస్నేహితురాలు బ్యాంకు మేనేజరుగారమ్మాయి. క్లాసులో అందరికంటే ఎత్తు కనుక పేరు పొడుగు. ఈ పొడుగు లెక్కల ట్యూషన్ ఎగ్గొట్టి ఈతకొలనుకి వెళ్లి, ఎత్తయిన పలక మీంచి నీళ్లలోకి దూకడం నేర్చుకునేది. ఆ సంగతి డిటెక్టివ్ ఒక్కదానికే తెలుసు. ఒక సోమవారం వాళ్లమ్మ మేనేజరుగారికీ తెలిసిపోయింది. ఈత బంద్. మర్నాడు పొడుగు వేరే బెంచీలో కూర్చుంది.

"నేను చెప్పలేదే" అంది డిటెక్టివ్.

"మరి నీళ్లొచ్చి చెప్పాయా?"

ఉన్న ఒక్క స్నేహితురాలూ చేజారిపోతుంటే ఎవరైనా ఏడుస్తారు. ఈమె విచారణ మొదలుపెట్టింది. ట్యూషన్ మాస్టారిని అడిగింది. కొలను దగ్గర టికెట్లిచ్చే తాతను అడిగింది. పొడుగు తమ్ముణ్ణి మెట్ల దగ్గర నిలదీస్తే, "చాక్లెట్ ఇస్తే నేనే చెప్పానని ఒప్పేసుకుంటా అక్కా" అన్నాడు.

చివరికి మేనేజరుగారు బట్టలివ్వడానికి షాపుకొస్తే ఆవిడనే అడిగేసింది.

"ఆంటీ, మీకెవరు చెప్పారు?"

"నువ్వేగా తల్లీ. మా అమ్మాయి కోటుకి కవరు గుచ్చి పంపావు, లోపల కొలను లాకరు టోకెను. ఇంత పిల్లవి, ఎంత బాధ్యతగా చేశావు."

నిజం చెప్పేస్తే మనసు తేలికపడుతుందంటారు. అదేమీ జరగలేదు. పొడుగు వాళ్ల తలుపు తట్టి, జరిగిందంతా చెప్పేసింది.

అంతా విన్నాక పొడుగు అడిగింది. "అది నా కోటని కూడా తెలీలేదా?"

"యూనిఫాం కోట్లన్నీ ఒకటేగా. నేనసలు చూడలేదే."

"చూసుంటే?"

"దాచేసేదాన్ని."

"అయితే ఇకనుంచైనా చూసి చావు" అని తలుపేసుకుంది.

మర్నాడు పాత బెంచీకి తిరిగొచ్చింది, ఇద్దరి మధ్యా బ్యాగు అడ్డం పెట్టుకుని. ఆ బ్యాగు కిందికి దిగడానికి చాలాకాలమే పట్టింది. పొడుగు మాత్రం మళ్లీ కొలనుకి వెళ్లలేదు.

షాపు తన చేతికొచ్చాక డిటెక్టివ్ నియమం మార్చింది. జేబులో దొరికింది ఆ బట్ట వేసుకునేవాళ్ల చేతికే ఇస్తుంది. తల్లి వచ్చి అడిగినా సరే, "మీ అమ్మాయిని పంపండి" అంటుంది. అలిగి వేరే షాపుకి పోయినవాళ్లున్నారు.

పొడుగు ఇప్పటికీ ఇక్కడే బట్టలిస్తుంది. ఇచ్చే ముందు ఒక్కో జేబునీ బయటికి లాగి కౌంటరు మీద పరుస్తుంది. "చూసుకోవే" అంటుంది.

డిటెక్టివ్ కళ్లజోడు పెట్టుకుని మరీ చూస్తుంది.